సలోమి టీచర్ పక్క సీటు

సలోమి టీచర్ జీవితంలో ఎన్నడూ ఒక్క సీటుతో సరిపెట్టుకోలేదు. అలాగని మనిషి భారీగా ఉంటుందనుకునేరు. బక్కపలుచటి మనిషి. బస్సులో ముగ్గురి సీటులో ఆమె కూర్చుంటే ఇంకా ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు. కానీ ఎక్కడికి పోయినా ఆమెకు రెండు సీట్లు కావాలి. ఒకదాంట్లో తను కూర్చుంటుంది, పక్కదాని మీద ఇస్త్రీ చేసిన తెల్లటి దస్తీ, అదే చేతిరుమాలు, పరుస్తుంది. ఎవరైనా అటు కన్నెత్తి చూస్తే చాలు, "మనిషున్నరు" అంటుంది. ఆ మనిషి మాత్రం చుట్టుపక్కల ఎక్కడా కనిపించడు.

బస్సు కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపుకోవడం మెదక్‌లో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన విద్యే. బస్టాండులో దస్తీకి ఉన్న గౌరవం రిజిస్ట్రీ అయిన ప్లాటుకు కూడా ఉండదు. జనం దస్తీ గురించి గొంతులు చించుకుంటారు, తాతలను తవ్విపోస్తారు, కానీ పడ్డ దస్తీని తీసి పక్కన పెట్టే ధైర్యం మాత్రం ఎవడూ చెయ్యడు. సలోమి టీచర్ ఈ విద్యను ఒక మెట్టు పైకి తీసుకుపోయింది. ఆమె ఎప్పుడూ రెండు దస్తీలు విసిరేది. ఒకటి తనకు, ఒకటి ఆ కనిపించని మనిషికి.

హైదరాబాదు బస్సు కండక్టరు బిక్షపతి ఈ కనిపించని మనిషితో ఏళ్ల తరబడి వేగాడు.

"టీచర్, గీ సీటుల ఎవరున్నరు?"

"మనిషున్నరు."

"ఏడున్నరు?"

"వస్తరు."

"బస్సు కౌడిపల్లి దాటింది టీచర్! ఇగ ఎట్ల వస్తరు? ఎగురుకుంట వస్తరా?"

"వస్తరంటే వస్తరయ్యా. నువ్వు టికెట్లు కొట్టు."

బిక్షపతి నెత్తి కొట్టుకుంటూ వెనక్కి పోయేవాడు. నర్సాపూర్ దాటాక తిరిగి చూస్తే ఆ సీటులో ఎవరో ఒకరు కూర్చుని టీచరుతో ముచ్చట పెడుతూ ఉండేవారు. వాళ్లెవరు, ఎక్కడ ఎక్కారు అని ఆలోచించే తీరిక అతనికి ఉండేది కాదు.

బడిలోనూ ఇదే వరస. సలోమి టీచర్ చెప్పేది సోషల్, అందులోనూ భూగోళం అంటే ప్రాణం. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు స్టాఫ్‌రూములోకి అడుగుపెట్టాడు. ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క కుర్చీ. దాని మీద దస్తీ. ఆయన కూర్చోబోయాడు.

"మనిషున్నరు సార్," అంది సలోమి టీచర్.

లెక్కల సువర్ణ టీచర్ గుండె ఆగినంత పనైంది. ఆఫీసరు నిలబడే తనిఖీ చేశాడు. సరిగ్గా అప్పుడే, ఆ రోజే కొత్తగా చేరిన కుట్టుపని టీచరు చెమటలు కక్కుకుంటూ, ఎవరినీ ఎరగని మొహంతో లోపలికొచ్చి, ఆ కుర్చీలో కూలబడింది. స్టాఫ్ అంతా ఆఫీసరు మొహం చూస్తున్నారు కాబట్టి ఆవిడను ఎవరూ పట్టించుకోలేదు. ఇన్నేళ్లయినా ఆ ముచ్చట వస్తే సువర్ణ టీచర్ ఆఫీసరు గురించే చెబుతుంది.

పెద్ద చర్చిలో క్రిస్మస్ నాడు ఇసుక వేస్తే రాలనంత జనం. పాస్టరయ్యగారే ఒకసారి ముందునుంచి "ప్రియులారా, జర జరుగుండ్రి" అని బతిమాలితే అందరూ జరిగారు, దస్తీ జరగలేదు. అంతెందుకు, పన్ను పీకించుకోవడానికి దవాఖానకు పోయినప్పుడు కూడా పక్క కుర్చీ మీద దస్తీ వేసింది. బుగ్గ బూరెలా ఉబ్బి నోరు తెరవరాకపోతే, వచ్చినవాళ్లకు వేలితోనే సైగ చేసింది.

ఈ దస్తీల వల్ల అందరికంటే ఎక్కువ సిగ్గుపడింది మేనకోడలు నవోమి. చిన్నప్పుడు బస్సెక్కగానే అత్తను ఎరగనట్టు ముందుకు పోయి నిలబడేది. ఇప్పుడు నవోమికి ముప్ఫై దాటాయి. మెదక్‌లోనే ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. సికింద్రాబాదులో చేసుకున్న పెళ్లి నిలవక, రెండేళ్ల కిందట ఒక సూట్‌కేసుతో తిరిగివచ్చింది. ఇంట్లో తండ్రి క్రిస్టోఫర్, పెళ్లే చేసుకోని మేనత్త. ఇద్దరూ ఆమెను ఎందుకొచ్చావని ఒక్కనాడు అడగలేదు.

అడిగేది బయటివాళ్లే. అందులోనూ వీధి చివరి ఆగమ్మ. ఊళ్లో ఏ కులం పెళ్లయినా, ఏ మతం విందయినా ఆగమ్మ ఉండాల్సిందే. నవోమిని చూడగానే, గుమ్మంలోనే, నలుగురూ వినేటట్టు, "ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?" అంటుంది. సూది గుచ్చితే నొప్పేమీ ఉండదని రోజూ అందరికీ ధైర్యం చెప్పే నవోమి, ఈ ఒక్క మాటను మాత్రం తట్టుకోలేకపోయేది. అందుకే ఎక్కడికీ ఒంటరిగా పోవడం మానేసింది. పోతే అత్తతోనే పోతుంది. అత్త పక్కన సీటు ఎలాగూ ఖాళీగా ఉంటుంది కదా, అందులో కూర్చుని, తినేసి, తలవంచుకుని వచ్చేస్తుంది.

ఇట్లా బండి నడుస్తుండగా ఒక ఆదివారం, అన్నాల దగ్గర సలోమి టీచర్ చల్లగా బాంబు పేల్చింది.

"క్రిస్టోఫర్, నేను జనవరిల అంటార్కిటికా పోతున్న."

క్రిస్టోఫర్ మూలుగు కోసం నల్లిబొక్క చీకుతున్నాడు. దాన్ని తీసి పళ్లెంలో పెట్టాడు. "ఏడికక్కా?"

"అంటార్కిటికా. భూమికి అడుగున ఉంటది. ఓడల పోవాలె."

"ఎవరితోని?"

"ఒక్కదాన్నే."

"అక్కా, రిటైర్మెంటు పైసలతోని రామాయంపేట రోడ్డుకు ప్లాటు కొనమంటిని గద!"

"ప్లాటుల పెంగ్విన్లుంటయా?"

"కుక్కలుంటయి."

"కుక్కల్ని గీడ్నే చూస్తున్న. ఇన్నేండ్లు కట్టె పట్టుకోని మ్యాపుల కింద తెల్లగున్నదాన్ని చూపెట్టిన. గా మ్యాపు నేలకానుతది, నడుము వంచి చూపెట్టాలె. ఏటేటా ఎవతో ఒకతె లేచి 'టీచర్, మీరు చూసిండ్రా?' అంటది. చూడలే బిడ్డా అంటే, 'మరి మీకెట్ల తెలుసు?' అంటది. ఇగ పోయి చూసొస్త. నడుము వంగుడు అలవాటే."

క్రిస్టోఫర్ మళ్లీ బొక్క తీసుకున్నాడు. అక్కతో వాదించి గెలిచిన చరిత్ర ఆయనకు లేదు.

నవోమి మాత్రం ముద్ద మింగలేకపోయింది. "అత్తమ్మా, జనవరిల నిస్సి పెండ్లుంది!"

నిస్సి ఆమె పిన్ని కూతురు. నవోమి చంకనెత్తుకుని పెంచిన పిల్ల. తారీకులు చూస్తే, నిస్సి పెళ్లినాటికి అత్త మంచు మధ్య ఉంటుంది. ఓడ టికెట్టు ముందే కొన్నది, మార్చడానికి వీలు లేదు. క్రిస్టోఫర్ ఎవరింట పెళ్లయినా వంటశాల వదిలి బయటికి రాడు, మటన్ ఆయన చేతుల మీదుగా ఉడకాల్సిందే.

"నువ్వు లేకుంటే నేను పెండ్లికి పోను," అంది నవోమి.

"నేను భూమి అడుగుకు ఒక్కదాన్నే పోతున్న. నువ్వు ఫంక్షన్ హాలుకు పోలేవానే?"

"పోలేను."

"నిస్సి ఏడుస్తది."

"ఏడిస్తే ఏడవనియ్యి," అంటూ నవోమే ఏడ్చింది.

ఆ వారమే కేబిన్ సంగతి చెప్పడానికి ఏజెంటు ఫోను చేస్తే, ఆ సంభాషణ నవోమి చెవులారా విన్నది. ఫోను స్పీకరులో ఉంది.

"మేడమ్, మీరు సోలో ట్రావెలర్. కేబిన్ మీ ఒక్కరికే. సింగిల్ ఆక్యుపెన్సీ."

"మంచాలెన్ని?"

"రెండుంటాయి మేడమ్. ఒకటి ఖాళీగా ఉంటుంది."

"మంచిదే," అంది సలోమి టీచర్ తృప్తిగా. నవోమి కళ్లు మూసుకుంది. భూమి అంచుకు పోయినా దస్తీ తప్పదన్నమాట.

తప్పలేదు. శంషాబాదులో విమానం ఎక్కగానే మొదలైంది. సీటు నంబరు బోర్డింగ్ పాసు మీదే ఉంటుంది, ఆపాల్సిన పని లేదని నవోమి ముందే నూరిపోసింది. "నంబరుది నంబరే, దస్తీది దస్తీనే" అని పోయిందామె. దేశాలు దాటి, విమానాలు మారి, దక్షిణ అమెరికా కొసన ఉన్న ఉష్వాయా అనే ఊళ్లో ఓడ ఎక్కింది. ఓడలో వైఫై ఉంది. అక్కడ పొద్దున టిఫినయ్యే వేళకు ఇక్కడ నవోమి ల్యాబు నుంచి ఇల్లు చేరేది. రోజూ ఆ టైముకు వీడియో కాల్ మోగేది.

మొదటి కాల్ నాటికి ఓడ డ్రేక్ పాసేజీలో ఉంది. లోకంలోకెల్లా పిచ్చి సముద్రం అది. ఓడ ఒకసారి ఆకాశాన్ని చూస్తుంది, ఒకసారి నీళ్లను చూస్తుంది. తెల్లదొరలూ దొరసానులూ, పర్వతాలెక్కినవాళ్లూ, మారథాన్లు పరుగెత్తినవాళ్లూ, అందరూ కేబిన్లలో బకెట్లు కావలించుకుని పడుకున్నారు. తెరమీద సలోమి టీచర్ ఖాళీ డైనింగ్ హాలులో కూర్చుని దర్జాగా ఆమ్లెట్ తింటోంది.

"అత్తమ్మా, నీకేం గాలేదా?"

"ఏమైతదే? రేగోడ్ బడిల పని చేసినప్పుడు ఎక్కిన బస్సు ముందట ఇదెంత? గప్పుడు పట్టుకొనేతందుకు కడ్డీ సుత ఉండకపోయేది."

నవోమి కళ్లు ఆమె పక్కకు పోయాయి. పక్క కుర్చీ మీద దస్తీ. "అత్తమ్మా! హాలంత ఖాళీగున్నది! దస్తీ ఎందుకు?"

"అలవాటే. తియ్యబుద్ధి గాలే."

మరునాటికి కథ ముదిరింది. వడ్డించే అబ్బాయి ఎవరైనా వస్తున్నారా అని అడిగితే "పర్సన్ ఈజ్ దేర్" అన్నదట ఈమె. అతను కాగితాలు చూసుకున్నాడు, ఈమె ఒంటరిగా వచ్చిన ప్రయాణికురాలు. కుర్చీ చూశాడు, మనిషి లేడు. తెల్లటి గుడ్డ మాత్రం పవిత్రంగా పరిచి ఉంది. అతనికి వెన్నులో చలి పుట్టి, మారు మాట్లాడకుండా ఆ కుర్చీ ముందు కూడా ఒక గిన్నె సూపు పెట్టి దండం పెట్టుకుని పోయాడు. సాయంత్రానికి ఓడంతా పాకింది, ఇండియా నుంచి వచ్చిన పెద్దావిడ చనిపోయిన భర్తను వెంటబెట్టుకుని తిరుగుతోందని.

"నన్ను చూసి అందరు దారిస్తున్నరే నవోమీ! ఒక ఆస్ట్రేలియామె వచ్చి నా చెయ్యి పట్టుకోని, 'ఆయన పేరేంది?' అన్నది."

"నువ్వేమన్నవు?"

"ఇంక రాలేదు అన్న. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి."

"అయ్యో దేవుడా! పెండ్లే కాలేదని చెప్పకపోయినవా?"

"చెప్పిన. పెండ్లి గాకముందే పాయెనా అని ఇంక ఎక్కువ ఏడ్సింది."

వెనక కూర్చుని వింటున్న క్రిస్టోఫర్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నవోమి కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు వెనక భయం ఉంది. పరాయి మనుషుల మధ్య, పరాయి సముద్రం మీద అత్త అందరికీ వేళాకోళం అవుతోందని ఆమెకు దిగులు.

మంచునేల మీద దిగే ముందు ఓడవాళ్లు అందరి బట్టలూ పరీక్ష చేస్తారు. బయటి గింజ ఒక్కటి కూడా ఆ నేల మీద పడకూడదు. జేబులు వాక్యూమ్ చేస్తారు, బూట్ల అడుగులు సూదులతో గీకుతారు. ఆ బృందానికి పెద్ద మార్తా అనే ఆరడుగుల ఆవిడ. "బైబిల్ల మార్త లెక్కనే, మస్తు పనిమంతురాలు" అని సలోమి టీచర్ సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ పనిమంతురాలు సలోమి టీచర్ దస్తీ దులిపితే మడతలోంచి ఒక చింతగింజ రాలి టేబుల్ మీద పడింది.

మార్తా కెవ్వుమన్నది. బృందమంతా పరుగెత్తుకొచ్చింది. ఒకరు పట్టకారుతో గింజ పట్టుకున్నారు, ఒకరు డబ్బా పట్టుకున్నారు, ఒకరు ఫొటో తీశారు. మెదక్‌లో పిల్లలు గచ్చకాయలకు బదులు ఆడుకునే చింతగింజకు అంత బందోబస్తు జరగడం చరిత్రలో అదే మొదలు. సలోమి టీచర్ మాత్రం తగ్గలేదు. "చింతచెట్టు మొలిస్తే మంచిదే గదా, పెంగ్విన్లకు నీడైతది" అన్నదట.

తర్వాత రబ్బరు పడవ. ఓడ నుంచి ఆ పడవలోకి దిగి, అంచుల మీద కూర్చుని తీరానికి పోవాలి. మెట్ల పైనుంచే సలోమి టీచర్ అలవాటుగా గురిచూసి దస్తీ విసిరింది. మెదక్ బస్టాండులో గాలి లేదు, అక్కడ ఉంది. దస్తీ ఎగిరి నేరుగా పోయి మార్తా మొహానికి చుట్టుకుంది. ఆ రోజంతా దస్తీ జప్తులో ఉంది. సలోమి టీచర్ గ్లవ్ తీసి పక్కన పెట్టి, దాంతో సీటు ఆపింది.

"నేల మీద కూసోవద్దు, ఏమి పెట్టవద్దు, పెంగ్విన్ల కాడికి పోవద్దు, అవే మన కాడికొస్తే కదలకుండ నిలబడాలె. మన బడిల గింత డిసిప్లిన్ ఉంటే ఎంత మంచిగుంటుండె!" అంటూ సలోమి టీచర్ ఓడ మీది నుంచి ఫోను తిప్పి చూపింది. తెల్లటి నేల, నల్లటి రాళ్లు, నీలంగా మెరిసే మంచుకొండ. ఆమె గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "నవోమీ, నేను తెల్లగుంటదని చెప్పిన గద పిల్లలకు. తప్పు చెప్పిననే. నీలం ఉన్నది, ఆకుపచ్చ ఉన్నది, సాయంత్రం గులాబీ అయితది. మ్యాపుల రంగు వేసుడు మర్చిపోయిండ్రు."

ఆ మాట విన్నప్పుడు నవోమికి అత్త మీద ఎంత గర్వం కలిగిందో చెప్పలేం. ఒంటరిగా అంతదూరం పోయి, అంత పెద్ద లోకం ముందు నిలబడి, చిన్నపిల్లలా మురిసిపోతోంది. తను రెండు వీధుల అవతలి ఫంక్షన్ హాలుకు పోవడానికి వణుకుతోంది.

పెళ్లికి ముందురోజు వచ్చిన కాల్‌లో సలోమి టీచర్ ఫోనును నీళ్ల జగ్గుకు ఆనించి టిఫిను తింటోంది. ఆమె భుజం వెనకాల డైనింగ్ హాలు తలుపు కనబడుతోంది. ఇప్పుడు హాలు నిండా మనుషులు. సముద్రం శాంతించింది కదా, జంటలు జంటలుగా, గుంపులు గుంపులుగా కూర్చుని నవ్వుకుంటున్నారు.

తలుపు దగ్గర ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, చేతిలో ప్లేటు. లోపలికి రాలేదు. ఒక టేబుల్ వైపు చూశాడు, ఇంకో టేబుల్ వైపు చూశాడు. ఎవరినో వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు. వెతకడానికి ఎవరూ లేరని నవోమికి వెంటనే తెలిసిపోయింది. ఆ చూపు ఆమెకు కొత్త కాదు. అది తన చూపే. ప్లేటు పట్టుకున్న తీరు కూడా తనదే.

మాట్లాడుతూ మాట్లాడుతూనే సలోమి టీచర్ వెనక్కి తిరిగింది. పక్క కుర్చీ మీది దస్తీ చటుక్కున లాగేసి, చెయ్యెత్తి, హాలంతా వినేటట్టు క్లాసు గొంతుతో పిలిచింది.

"హలో సర్! కమ్, కమ్! ఫర్ యూ ఓన్లీ ఐ కెప్ట్!"

ముసలాయన మొహం విప్పారింది. నిజంగానే ఎవరో తనకోసం ఎదురు చూస్తున్నారన్నట్టు గబగబా వచ్చి కూర్చున్నాడు. లేటయినందుకు క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంతే, ఈమెకు ఆయన భాష సున్నా. ఇద్దరూ గుడ్ల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన కాఫీ తెచ్చుకోవడానికి లేచినప్పుడు నవోమి అడిగింది.

"అత్తమ్మా, గాయన నీకు ముందే తెలుసా?"

"లేదే. ఏ దేశమో సుత తెల్వది."

"మరి ఆయన కోసమే ఆపిన అన్నవు?"

సలోమి టీచర్ దొరికిపోయిన దొంగలా చూసింది. కాసేపు రొట్టె ముక్కకు వెన్న రాసింది.

"నేను పెండ్లి చేసుకోలే గదనే. మా అమ్మ పోయినంక ఏ ఫంక్షనుకైన ఒక్కదాన్నే పోవుడు. డోరు కాడ నిలబడి ఏడ ఖాళీ ఉన్నదా అని చూసుడు. గాడికి పోతే మనిషున్నరు అంటరు. ఇంకోటి చూస్తే, గాడ సుత మనిషున్నరే. ఒకసారి గట్లనే తిరిగి తిరిగి, తినకుండ ఇంటికొచ్చి పచ్చిపులుసు చేసుకోని తిన్న. ఏడుపొచ్చింది. గప్పుడనుకున్న, ఇగ నుంచి నేను సుత ఒక కుర్చీ ఆపుత అని. ఎవరి కోసమని నాకేం తెలుసు? ఎవరో ఒకరు ఒక్కరే వస్తరు. వచ్చినోళ్లకు నీ కోసమే ఆపిన అంట. నమ్ముతరే! ఒక్కరన్న నమ్మకుండ లేరు."

బస్సులో నర్సాపూర్ దాటాక ఆ సీటులో కనిపించే మనుషులందరూ ఒక్కసారి నవోమి కళ్ల ముందు తిరిగారు. అల్లాదుర్గ్ నుంచి హాస్టలుకు మొదటిసారి పోతూ ముక్కు చీదుకుంటున్న పిల్ల. దవాఖాన సంచి పట్టుకుని కూర్చున్న ముసలవ్వ. చర్చిలో భర్త పోయాక మొదటిసారి వచ్చిన ఆవిడ. రెండేళ్ల కిందట, సూట్‌కేసుతో దిగిన వారానికే చర్చిలో వెనక నిలబడ్డ తనను, "ఏందే గాడ నిలబడ్డవు, నీ కోసమే ఆపిన" అని కేకేసి పిలిచిన అత్త. తను సిగ్గుతో చచ్చిపోయింది ఆ రోజు. అత్తను పిచ్చిదనుకుంది.

"ఇంతకు రేపు పెండ్లికి పోతున్నవా లేదా?" అంది సలోమి టీచర్.

"నువ్వు గాడ కూసున్నవు గదత్తమ్మా. నా కోసం కుర్చీ ఎవరాపుతరు?"

సలోమి టీచర్ ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. సరిగ్గా అక్కడే సిగ్నలు పోయింది. నోరు తెరిచిన బొమ్మ అట్లాగే తెరమీద చాలాసేపు ఉంది. ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

పెళ్లిరోజు నవోమి చీర కట్టుకుని, విప్పి, మళ్లీ కట్టుకుంది. క్రిస్టోఫర్ తెల్లవారక ముందే మటన్‌తో పోయాడు. నిస్సి నుంచి ఫోను మీద ఫోను. చివరికి ఆ నోరు తెరిచిన బొమ్మే గుర్తొచ్చి, ఏదైతే అదైందని బయల్దేరింది. చర్చిలో వెనక బెంచీలో ఎలాగో గడిచింది. అక్కడ అందరూ ముందుకు చూస్తారు. అసలు గండం ఫంక్షన్ హాలులో ఉంది.

హాలు గుమ్మంలో ఆగింది. బగారన్నం వాసన, పిల్లల గోల, నిండిపోయినట్టున్న టేబుళ్లు. ఎవరినో వెతుకుతున్నట్టు చూపు అటూ ఇటూ తిప్పింది. వెనక్కి తిరిగిపోదామని చెప్పు జరిపేసరికి ఎడమపక్క నుంచి కేక వినిపించింది.

"నవోమీ! గిటు రా! నీ కోసమే ఆపిన!"

చూస్తే సువర్ణ టీచర్. పక్క కుర్చీ మీద దస్తీ. నవోమి అటు ఒక అడుగు వేసింది.

"ఓ నవోమమ్మా! ఏడికి పోతున్నవు? నీ కుర్చీ గీడున్నది!" కుడిపక్క నుంచి రిటైరైన కండక్టరు బిక్షపతి, కుర్చీ మీద పరిచిన తువ్వాల మీద చెయ్యి వేసి, ఎవరినో తోసేస్తున్నాడు.

"నవోమక్కా! ఇటు!" ల్యాబులో పనిచేసే కావ్య, చున్నీ పరిచిన కుర్చీ పక్కన నిలబడి చేతులూపుతోంది. ఇంకా అటు మూల నుంచి ఆ కుట్టుపని టీచరు. ఇటు మూల నుంచి ఎవరో పేరు కూడా తెలియని ఆవిడ. హాలు నిండా ఖాళీ కుర్చీలు, వాటి మీద దస్తీలు, తువ్వాలలు, చున్నీలు. వాటి చుట్టూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ పెళ్లివారు.

హాలు మేనేజరు వెంకట్రాములు చొక్కా గుండీలు విప్పుకుని అరుస్తున్నాడు. "గిదేం పద్ధతండి! జనం నిలబడ్డరు! ఏ కుర్చీ ముట్టినా మనిషున్నరు, మనిషున్నరు! ఎవరా మనిషి? గిన్ని కుర్చీలల్ల ఒక్క మనిషే కూసుంటదా?"

"నాకు టీచర్ చెప్పింది," అన్నాడు బిక్షపతి. "పొద్దుగాల్నే ఫోన్ చేసింది. ఎనకకెళ్లి ఏందో పక్షులు అరుస్తున్నయి. బిక్షపతీ, నీకొక్కనికే చెప్తున్న అన్నది."

"నాకొక్కదానికే చెప్పింది!" అంది సువర్ణ టీచర్.

"లేదు, నాకే!" అంది కావ్య.

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అంటార్కిటికాలో నిలబడి, దొరికిన కాస్త సిగ్నలులో, సలోమి టీచర్ సగం మెదక్‌కు ఫోన్లు కొట్టిందన్నమాట. నవోమికి నవ్వొచ్చింది. మొదట ముక్కుతో వచ్చింది, తర్వాత ఆగలేదు. రెండేళ్లుగా ఏ ఫంక్షనులోనూ నవ్వని పిల్ల గుమ్మంలో నిలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. తగువు తెగకపోతే చివరికి అందరూ ఆపిన కుర్చీలు మోసుకొచ్చి ఒకే టేబుల్ చుట్టూ వేశారు. నవోమి మధ్యలో కూర్చుంది. ఇంకా కుర్చీలు మిగిలాయి, దస్తీలతో సహా.

అప్పుడు భుజం మీద చెయ్యి పడింది. చూడకుండానే ఎవరో తెలిసింది.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?"

ఆగమ్మ. నవోమి ఈసారి తల దించుకోకుండా ఆమె మొహంలోకి చూసింది. ఆగమ్మ చూపు నవోమి మీద లేదు. టేబుళ్ల మీదుగా, కుర్చీల మీదుగా, ఎవరినో వెతుకుతున్నట్టు తిరుగుతోంది. చేతిలో ఖాళీ ప్లేటు.

"నేను సుత ఒక్కదాన్నే వచ్చిన," అంది ఆగమ్మ. "నువ్వుంటే నీ పక్కకు కూసుందామని ఎప్పుడు అడుగుత. నువ్వు మీ అత్త ఎనక ఉరుకుతవాయె. గీడ ఏ కుర్చీ కాడికి పోయినా మనిషున్నరంటుండ్రు."

నవోమి పక్క కుర్చీ మీది దస్తీ చటుక్కున లాగేసింది.

"గింత లేటా పెద్దమ్మా! నీ కోసమే ఆపిన. కూసో!"

"నువ్వాపుతవని నాకెరికనే," అంటూ ఆగమ్మ బరువంతా దింపి కూర్చుంది. ప్లేటు ముందుకు జరిపి, నవోమి చెవిలో మెల్లగా అంది, "మీ నాయనకు జర చెప్పే బిడ్డా, నాకు నల్లిబొక్క ఎయ్యమను."